బావి ఈత, బోండై అల

మా నంద్యాల, ఆళ్లగడ్డ వైపు సముద్రం లేదు గానీ, ఈతకేం తక్కువ లేదు. పెద్దవాళ్లు నడుముకి తాడు కట్టి బావిలోకి తోస్తారు. నాలుగు రోజులు నీళ్లు తాగితే ఐదో రోజు మనమే తేలతాం. ఆ తర్వాత కేసీ కెనాల్. 1860ల్లో మద్రాస్ ఇరిగేషన్ కంపెనీ సాగుకీ, పడవలకీ కలిపి మొదలుపెట్టి, గిట్టుబాటు కాక 1882లో సర్కారుకి వదిలేసుకున్న కాలువ. అందులో ఈదినవాడికి "మనకి ఈత వచ్చులే" అన్న ధీమా జీవితాంతం పోదు.

చిక్కంతా ఆ ధీమాతోనే. ఆన్‌సైట్ అని సిడ్నీలో దిగిన మనవాళ్లు మొదటి శని ఆదివారాల్లో చూసేది బోండై బీచ్. దాని చరిత్రలో ఒక్క రోజు గురించి చెప్తాను.

1938 ఫిబ్రవరి 6, ఆదివారం. బీచ్ నిండా వేలమంది జనం. వందలమంది ఇసుకదిబ్బ మీద, నిలబడగలిగే లోతులోనే ఉన్నారు. వరసగా మూడు నాలుగు పెద్ద అలలొచ్చాయి. వెనక్కి మళ్లిన నీరు వాళ్లని లోతులోకి ఈడ్చుకుపోయింది. అదృష్టం కొద్దీ ఆ వేళకి లైఫ్‌సేవర్లు చాలామంది ఒడ్డునే ఉన్నారు. అప్పట్లో వాళ్లు నడుముకి బెల్టు, దానికి తాడు కట్టుకుని దూకేవాళ్లు, ఒడ్డున ఉన్నవాళ్లు రీల్‌తో లాగేవాళ్లు (మన బావి తాడే అనుకోండి!). సుమారు 250 మందిని బయటికి తెచ్చారు. ఐదుగురు మాత్రం దక్కలేదు. ఆ రోజుని బ్లాక్ సండే అంటారు.

గమనించారా, అక్కడ సాహసం చేసినవాళ్లు తక్కువ. "నడుం లోతు దాకానే కదా" అనుకున్నవాళ్లే ఎక్కువ.

బావిలో నీరు కదలదు, కాలువలో ఒకే వైపు పోతుంది. సముద్రంలో అలలు తెచ్చిపోసిన నీరు ఒక సన్నని దారి వెతుక్కుని లోపలికి పరిగెడుతుంది. అదే రిప్ కరెంట్. అక్కడ అలలు విరగవు కాబట్టి చూడ్డానికి అదే ప్రశాంతంగా ఉంటుంది! దానికి ఎదురీదితే గజ ఈతగాడైనా అలిసిపోతాడు. తేలుతూ చెయ్యెత్తాలి, లేదా ఒడ్డుకి సమాంతరంగా ఈది తప్పుకోవాలి. మన భాషలో చెప్పాలంటే బావి డెవలప్‌మెంట్ సర్వర్, సముద్రం ప్రొడక్షన్ :)

ఎరుపు పసుపు జెండాలు పాతేది ఇందుకే. లైఫ్‌గార్డు చూసేది ముఖ్యంగా వాటి మధ్యనే, బీచ్ మొత్తం కాదు. 2024 జనవరిలో ఆస్ట్రేలియాలోనే ఫిలిప్ ఐలాండ్‌లో లైఫ్‌గార్డులు లేని బీచ్‌లో నలుగురు భారతీయ సంతతివాళ్లు పోయారు.

కొత్త ఊళ్లో ఆటోవాణ్ణి దారి అడుగుతాం. నీళ్లలో దిగేముందు లైఫ్‌గార్డుని "ఇవాళ రిప్ ఎక్కడుంది?" అని అడగడానికి నామోషీ ఎందుకు చెప్పండి?