పరుగునందు గురి

తుపాకి పోటీ యనగానే మన కన్నుల ముందు నిలుచునది నిశ్చలమైన చిత్రము. పోటీదారుడు నిర్ణీతమైన గీతవద్ద నిలుచును, ఊపిరి బిగబట్టును, దూరముననున్న వలయపు నడిమి చుక్కపై చూపు నిలిపి, మెల్లగా ట్రిగ్గరు నొక్కును. హైదరాబాదులో పెరిగిన గగన్ నారంగ్ 2012లో లండన్ ఒలింపిక్ క్రీడలయందు 10 మీటర్ల ఎయిర్ రైఫిల్ పోటీలో కంచు పతకము గెలిచినది ఈ నిశ్చలవిద్యయందే. ద్రోణాచార్యుడు పరీక్షించినప్పుడు పక్షి తల తప్ప మరేమియు కానరాని అర్జునుని ఏకాగ్రత మనకు చిన్ననాటినుండి తెలిసినదే.

ఇందుకు పూర్తిగా భిన్నమైన పిస్తోలు పోటీ యొకటి ఇరువదవ శతాబ్దపు నడుమ అమెరికాలో పుట్టి, క్రమముగా అనేక దేశములకు వ్యాపించినది. అందు పోటీదారుడు ఒకచోట నిలిచియుండడు. సంకేతధ్వని వినబడగానే ఒరలోని పిస్తోలు తీయును. ఒక లక్ష్యమును కాల్చి మరియొక లక్ష్యమునకై పరుగెత్తును. గోడల చాటునుండి తొంగిచూచును. నడుమ ఖాళీయైన మ్యాగజైనును మార్చుకొనును. గురి తప్పరాదు, కాలము వృథా కారాదు. దీనినే ప్రాక్టికల్ షూటింగ్ అందురు. ఈ పోటీలలో వేగము ఎట్లు పెరిగినది, అది నిజముగా ఎక్కడనుండి వచ్చినది అను విషయమును మేము నేడు ముచ్చటింపదలచితిమి. వేగము చేతి తొందరలో నున్నదని మొదట అందరును నమ్మిరి. ఆ నమ్మకము కొంచెము కొంచెముగా సడలుటయే ఈ చరిత్ర.

కేవలము చేతివేగమే ప్రమాణమైనచో, ఈ విద్య 1932 నాటికే శిఖరము నందుకొన్నదని చెప్పవలెను. మొంటానా రాష్ట్రవాసియైన ఎడ్ మెక్‌గివర్న్ అను గురికాడు ఆ సంవత్సరము ఆగస్టు 20వ తేదీన, దక్షిణ డకోటా రాష్ట్రమున, 15 అడుగుల దూరమునుండి రివాల్వరుతో 5 గుండ్లను 0.45 సెకనులో కాల్చెను. ఆ ఐదు రంధ్రములను ఒక అర డాలరు వెండి నాణెముతో కప్పివేయవచ్చును. కాలమును కొలుచుటకు ఆయన విద్యుత్ యంత్రములను వాడెను. తన అనుభవములను 1938లో గ్రంథముగా ప్రకటించెను. చేయి అంత వేగముగా కదలగలదని లోకమునకు తెలిసినది. కాని కాలు కదిలినప్పుడు ఆ గురి యేమగునో ఆ ప్రదర్శన తెలుపలేదు.

కాలు కదుపుట యనునది పోలీసు వృత్తియందు ముందే అవసరమై యుండెను. షాంఘై నగరపు మునిసిపల్ పోలీసు దళమున పనిచేసిన ఫెయిర్‌బెర్న్, సైక్స్ అను ఇరువురు ఇంగ్లీషువారు, చీకటి మెట్లమీదను, ఇరుకు గదులలోను సంభవించు పోరాటములకు అనుగుణముగా శిక్షణ యిచ్చిరి. 1942లో వారు వెలువరించిన గ్రంథము ఆ అనుభవసారమే. అయితే అది పోటీ కాదు, ప్రాణరక్షణకై నేర్చిన పని. ఒకరి వేగమును మరియొకరి వేగముతో పోల్చి, ఏ పద్ధతి మేలైనదో తేల్చునట్టి వేదిక యింకను ఏర్పడలేదు.

అట్టి వేదిక కాలిఫోర్నియా కొండలలోని బిగ్ బేర్ సరస్సుచెంత ఏర్పడినది. 1950 దశకమున అమెరికా ఇండ్లలో టెలివిజనుపై కౌబాయి కథలు విరివిగా ప్రసారమగుచుండెను. వానిని చూచి, ఒరలోని పిస్తోలును రెప్పపాటులో లాగి కాల్చుట యువకులకు వేడుకయైనది. ఆ తొందరలో తమ కాలినే కాల్చుకొన్నవారును కలరు. 1956లో జెఫ్ కూపర్ అను పూర్వ మెరైన్ దళాధికారి బిగ్ బేర్‌లో ఒక బహిరంగపు పోటీ నేర్పాటుచేసెను. ఇరువురు ప్రక్క ప్రక్కన నిలుతురు. 7 గజముల దూరమున 18 అంగుళముల బుడగలుండును. ఎవరు ముందు పగులగొట్టిన వారిదే గెలుపు.

మొదటి పోటీలలో దాదాపు అందరును ఒకే తీరున కాల్చిరి. పిస్తోలు ఒరనుండి వెలువడగానే, కంటియెత్తునకు తేకుండగనే, నడుమువద్దనుండి కాల్చెడివారు. చూడ ముచ్చటగనే యుండెను, కాని బుడగ పగులకుండెను. మొదటి గుండు తప్పును; రెండవదియు తప్పును; తొందర హెచ్చినకొలది గురి మరింత చెదరును. లాస్ ఏంజలిస్ కౌంటీ షెరీఫు కొలువున నున్న జాక్ వీవర్ అను ఉద్యోగి ఈ తంతును గమనించెను. అతడు రివాల్వరును రెండు చేతులతో పట్టి, కంటియెత్తునకు తెచ్చి, గురిగుర్తులను చూచి కాల్చెను. అప్పటి అభిప్రాయములో ఇది నిదానస్తుని పద్ధతి. ఒంటిచేతితో కాల్చుటయే పిస్తోలు ధర్మమని తలచిన దినములవి. కాని 1959లో ఆ పోటీ గెలిచినవాడు వీవరే. ఇతరులు మూడు గుండ్లు కాల్చునంతలో అతడు ఒక్క గుండు కాల్చెననుకొన్నను, ఆ యొక్కటియే తగిలినచో పోటీ ముగిసినట్లే గదా!

ఈ గెలుపులోని పాఠమును కూపర్ వెంటనే గ్రహించెను. రెండు చేతుల పట్టునకు వీవర్ పేరే పెట్టి, దానిని తన రచనలలోను బోధలోను వ్యాప్తిచేసెను. ఒక చేయి ముందునకు నెట్టుచుండగా రెండవది వెనుకకు లాగుచుండుటచే, గుండు వెలువడినప్పటి ఎదురుతన్ను అణగి, పిస్తోలు శీఘ్రముగా తిరిగి గురికి వచ్చును. అనగా మొదటి గుండు ఒకింత ఆలస్యమైనను, రెండవ గుండు త్వరితమగును. నెమ్మదిగా తోచిన పద్ధతి మొత్తముమీద వేగవంతమైనది. ఈ చరిత్రయందు ఇట్టి వింత మరల మరల కనబడును.

కాలిఫోర్నియా పోటీదారులు మరియొక మేలైన సంప్రదాయము నెలకొల్పిరి. ఒకే పోటీని మాటిమాటికి జరిపినచో అది కంఠపాఠమగును గాని పరీక్ష కాదని తలచి, వారు క్రొత్త క్రొత్త సమస్యల నేర్పరచిరి. ఒకనాడు పరుగెత్తి కాల్చవలెను, మరియొకనాడు మోకాలిపై కూర్చుండి, వేరొకనాడు చాటునుండి. ఈ క్రీడ సముద్రములు దాటి, 1975లో స్విట్జర్లండులోని జ్యూరిక్ నగరమున ప్రథమ ప్రపంచపోటీ జరిగెను. అమెరికాకు చెందిన రే చాప్‌మన్ అందు విజేత. మరుసటి యేట, 1976 మే నెలలో, మిస్సోరీ రాష్ట్రపు కొలంబియాలో పలుదేశములవారు సమావేశమై అంతర్జాతీయ ప్రాక్టికల్ షూటింగ్ సమాఖ్యను స్థాపించిరి. కూపరే తొలి అధ్యక్షుడు. గురి, బలము, వేగము అను అర్థములుగల మూడు లాటిను పదములు సమాఖ్యకు ఆదర్శవాక్యమైనవి. వేగమునకు మూడవ స్థానమే లభించినదని శ్రోతలు గమనింతురుగాక.

ఈ మూడింటిని తూచు త్రాసు వారి లెక్కయే. లభించిన మార్కులను పట్టిన సెకనులతో భాగింతురు; వచ్చిన ఫలమే పోటీదారుని యోగ్యత. ఉదాహరణమునకు 12 గుండ్ల పోటీ యొకటి యున్నదనుకొందము. ప్రతి గుండును నట్టనడుమ తగిలినచో 5 చొప్పున 60 మార్కులు. ఒకడు ఏ గుండును చెదరనీయక 10 సెకనులలో ముగించెను. అతని ఫలము 6. రెండవవాడు ఆరు గుండ్లను కొంచెము ప్రక్కకు పోనిచ్చి, ఒక్కొక్క మార్కు పోగొట్టుకొని, 54 మార్కులతో 8 సెకనులలో ముగించెను; అతని ఫలము 6.75. కావున అతడే ముందంజ. మూడవవాడు మరింత తొందరపడి ఏడున్నర సెకనులలోనే ముగించెను గాని, ఒక్క గుండు పూర్తిగా తప్పెను. దానికి రావలసిన 5 పోవుటయే గాక, శిక్షగా మరి 10 తీసివేయుదురు. మిగిలినవి 45, ఫలము మరల 6. రెండున్నర సెకనుల తొందర ఒక్క తప్పుతో నీరుగారినది. అతినిదానమునకును అతితొందరకును ఒకే ఫలము!

1980 దశకమున పిస్తోలు చప్పుడును విని ప్రతి గుండుయొక్క సమయమును నమోదుచేయు చిన్న యంత్రములు పోటీదారులకు అందుబాటులోనికి వచ్చినవి. అంతవరకు మొత్తము కాలమే తెలిసెడిది. ఇప్పుడు ఒర తీయుటకెంత, ఒక లక్ష్యమునుండి మరియొక లక్ష్యమునకు తిరుగుటకెంత, ఒక స్థానమునుండి వేరొక స్థానమునకు చేరుటకెంత యని విడివిడిగ తెలియసాగెను. ఈ లెక్క పలువురి భ్రమను తొలగించెను. 24 గుండ్ల పోటీలో ప్రతి లక్ష్యమునకు రెండేసి గుండ్లు కాల్చవలెననుకొందము. ఆ రెంటి నడిమి వ్యవధిని నాలుగవవంతు సెకనునుండి అయిదవవంతునకు తగ్గించుటకు నెలలకొలది సాధన చేసినను, పన్నెండు జంటలమీద మిగులునది 0.6 సెకను మాత్రమే. అదే నాలుగుచోట్ల స్థానము మార్చునప్పుడు అర సెకను చొప్పున మిగుల్చుకొన్నచో 2 సెకనులు కలిసివచ్చును. వ్రేలినుండి రాని వేగము కాలినుండి వచ్చునన్నమాట.

ఇదే కాలమున అరిజోనాకు చెందిన రాబ్ లీథమ్, బ్రయన్ ఈనాస్ అను ఇరువురు యువకులు వీవర్ పద్ధతినే మార్చివేసిరి. వీవర్ నిలుకడలో దేహము ఏటవాలుగా తిరిగియుండును. అందుచే ఒక ప్రక్కకు సులభముగా తిరుగవచ్చును గాని, రెండవ ప్రక్కకు తిరుగునప్పుడు దేహము బిగుసుకొనును. వీరు లక్ష్యమునకు ఎదురుగా నిలిచి, రెండు చేతులను సమముగా ముందునకు చాచి, మోకాళ్లు కొంచెము వంచి కాల్చిరి. నడుముపై భాగము ఇరుప్రక్కలకును ఒకేరీతి తిరుగును. వంగిన మోకాళ్లనుండి అడుగు వెంటనే పడును. 1983లో అమెరికాలోని వర్జీనియాలో జరిగిన ప్రపంచపోటీలో లీథమ్ విజేతయగుటతో ఈ నిలుకడ లోకమంతట ఆదరము పొందెను. 1959లో రెండు చేతుల పట్టును పట్టి గెలిచిన వీవర్ పద్ధతికే ఇప్పుడు పాతపద్ధతి యను పేరు వచ్చినది. శాస్త్రముల తీరే యంత.

ఇక కదలికలోని మెలకువలను గూర్చి రెండు మాటలు. మొదటిది: ఒక స్థానమున చివరి గుండు వెలువడుచుండగనే దేహభారము పోవలసిన దిక్కునకు ఒరగవలెను, కాల్చి, నిలిచి, ఆలోచించి కదలువాడు ప్రతి స్థానమునను కాలము పోగొట్టుకొనును. రెండవది: పరుగెత్తునప్పుడు పూర్తిగా పరుగెత్తవలెను, మ్యాగజైను మార్చుట ఆ పరుగులోనే ముగియవలెను. మూడవది, మిక్కిలి ముఖ్యమైనది: స్థానమును చేరకముందే పిస్తోలు కంటియెత్తున నుండవలెను. ఎగిరిపడునట్లు వచ్చి నిలిచినచో దేహము కుదుటబడుటకు మరికొంత కాలము పట్టును; చివరి అడుగులను చిన్నవిగా వేయుచు, మెత్తగా వచ్చి చేరువాడు అడుగు నిలుచునప్పటికే మొదటి గుండు కాల్చివేయును. మన పెండ్లిండ్లలో చేయితిరిగిన వంటవాడు అటునిటు పరుగులు పెట్టడు; అయినను మొదటి బంతి కూర్చుండువేళకు అన్నియు సిద్ధముగ నుండును. ఉత్తమ పోటీదారుడును చూచువారికి తొందరపడుచున్నట్లు తోపడు. గడియారము మాత్రమే అతని వేగమును చెప్పును.

ఇంత కదలిక గల క్రీడలో ప్రాణభయము లేదా యని శ్రోతలు అడుగవచ్చును. ఆ ప్రశ్న న్యాయమైనది. గుండ్లు నిండిన పిస్తోలుతో పరుగెత్తువాడు కాలు జారినచో ఏమగును? అందుచేతనే ఈ క్రీడలో కొన్ని నియమములకు క్షమాపణ లేదు. పిస్తోలు మొన ఎల్లప్పుడును లక్ష్యములున్న దిక్కునకే యుండవలెను. అది వెనుకకు మరలినచో పోటీదారుడు ఆ క్షణముననే బహిష్కృతుడు. కాల్చక కదలునప్పుడు వ్రేలు ట్రిగ్గరుమీద నుండరాదు. అతడు ప్రపంచవిజేతయైనను, ఆనాటి పోటీ అతనికి అంతటితో ముగియును. కాల్చునపుడు అర సెకనును లెక్కించు న్యాయనిర్ణేత, భద్రత విషయమున ఒక్క అంగుళమైనను విడిచిపెట్టడు.

ఈ చరిత్రకు ఒక విచారఛాయయు కలదు. కూపర్ ఈ పోటీని ఆత్మరక్షణకు పరీక్షగా తలచెను. వేగము పెరిగినకొలది పిస్తోళ్లు మారినవి, ఒరలు మారినవి. నిత్యజీవితమున ఎవ్వరును ధరింపజాలని సామగ్రి పోటీలయందు ప్రవేశించినది. తాను నాటిన మొక్క కేవలము ఆటగా మారినదని ఆయన తరువాత నొచ్చుకొనెను. అట్లే తలచినవారు కొందరు 1996లో వేరొక సంస్థ నేర్పరచుకొని, మామూలు పిస్తోళ్లతో, మామూలు ఒరలతో పోటీలు జరుపసాగిరి. కూపర్ 2006లో మరణించెను. ఆట కావలెనా, పరీక్ష కావలెనా యను వాదము ఆయనతో ముగియలేదు. మా మట్టునకు మాకు, ఆటగా మారుటచేతనే ఈ విద్య దేశదేశముల యువతకు చేరినదని తోచుచున్నది. 1999లో ఫిలిప్పీన్సులోని సెబూ నగరమున ప్రపంచవిజేతయైన ఎరిక్ గ్రోఫెల్ అమెరికావాడు కాదు, ఫ్రాన్సు దేశీయుడు.

నిదానమే ప్రధానమని మనకొక సామెత. ఆలస్యము అమృతమును విషము చేయునని వేరొకటి. ఈ రెండును ఒకదానికొకటి విరుద్ధములని చిన్ననాడు తలచియుందుము. బుడగను తప్పిన తొందరగాండ్రను, రెండు చేతులతో గెలిచిన వీవరును, మెత్తగా అడుగువేసి ముందు కాల్చు నేటి పోటీదారుని చూచినప్పుడు, ఆ రెండు సామెతలును ఒకే మాట చెప్పుచున్నవని బోధపడును. చేయు పనిలో తొందర తగ్గవలెను. పనికి పనికి నడుమ ఆలస్యము తగ్గవలెను. బిగ్ బేర్ సరస్సుచెంత బుడగలతో మొదలైన పోటీ నేర్పినది ఇంతే.