తెరచిన రేవు, మూసిన రేవు

పసిఫిక్ మహాసముద్రమున సమోవా దీవులున్నవి. జాతి ఒకటి, భాష ఒకటి. పాలన మాత్రము 1918 నాటికి రెండు. పశ్చిమ భాగము న్యూజిలాండు సైనికాధికారి కర్నల్ లోగన్ చేతిలోను, తూర్పు భాగము అమెరికా నౌకాదళాధికారి పోయర్ చేతిలోను ఉండెను.

1918 నవంబరు 7వ తేదీన ఆక్లండు నుండి ‘తాలూన్’ అను ఓడ ఆపియా రేవు చేరినది. ఓడలో ఇన్‌ఫ్లుయెంజా రోగులుండిరి. దారిలో ఫిజీవారు ఆ ఓడను కట్టడిలో నుంచిరి. ఆపియాలో అట్టి అడ్డేదియు లేకపోయినది. ప్రయాణికులతో వ్యాధియు దిగినది. సుమారు 8,500 మంది, అనగా జనాభాలో ఐదవ వంతుకు పైగా మరణించిరి. వారిలో పెక్కురు ఆ సంవత్సరాంతము లోపలనే. వండిపెట్టువారును మంచము పట్టుటచే ఆకలి వ్యాధికి తోడైనది.

తూర్పున తూటుయిలా దీవి అచటికి నూరు మైళ్ళైనను లేదు. పోయర్‌కు ఈ వార్త తెచ్చినది వైర్‌లెస్. వినగానే ఆయన రాకపోకలను కట్టడి చేసెను. దేశీయులు తీరమున కాపలా కాసిరి. అచట ఈ వ్యాధిచే ఒక్కరును మరణింపలేదు.

పోయర్ వైద్యసహాయము పంప సిద్ధపడెను. లోగన్ దానిని అందుకొనలేదు. పైగా, తన టపా ఓడను నిలిపిరన్న కోపముతో తూటుయిలాతో వైర్‌లెస్ సంబంధమునే తెంచెను.

ప్రజలు దీనిని మరువలేదు. ఆ ఆగ్రహము ‘మౌ’ స్వాతంత్ర్యోద్యమమునకు బలమైనది. 1962 జనవరి 1న పశ్చిమ సమోవా స్వతంత్రమైనది. 2002లో న్యూజిలాండు ప్రధాని హెలెన్ క్లార్క్ క్షమాపణ చెప్పిరి.

వార్తలు వినిపించుటయే వృత్తిగా గల మాకు ఈ చరిత్రలో మరపురానిది ఆ తెగిన వైర్‌లెస్సే. పిలిచిన పలుకు దూరమున వైద్యులుండగా వేలమంది దిక్కులేక పోయిరి.