పందిరి కడీలు

ఫిబ్రవరి సాయంత్రం. అమీర్‌పేట మెట్రో మెట్ల కింద తోపుడుబండి నిండా పచ్చద్రాక్ష. మా బాబాయి ఒక గుత్తిని తొడిమ పట్టి పైకెత్తాడు.

"యాడియమ్మా ఇవి?"

"నాసిక్‌యి సార్. గింజలుండయ్. తిని సూడుండ్రి."

"అనాబ్ లేదా?"

"గదేంది సార్?"

బాబాయి గుత్తిని మెల్లగా కింద పెట్టి పంజగుట్ట వైపు నడక మొదలుపెట్టాడు. ఇల్లు చేరేలోపు ఆయన నోట విన్న కథ ఇది.

అనాబ్-ఎ-షాహీ, అంటే రాచద్రాక్ష. 1890 ప్రాంతంలో అబ్దుల్ బాకర్ ఖాన్ దాన్ని హైదరాబాదుకు తెచ్చాడని ఉద్యాన పుస్తకాలు చెబుతాయి. పొడుగు కాయ, పండితే తేనె రంగు. నగరం చుట్టూ ఉన్న ఎర్రచెలకలు దానికి అచ్చొచ్చాయి. పంజగుట్ట పేరులో మిగిలిన గుట్ట ఏ రాయో, చెలక కూడా ఆ రాయి చితికి మట్టయిందే. నీరు నిలవదు.

నేల సరే, వాతావరణంతోనే పేచీ. ఐరోపాలో చలికి తీగ ఆకు రాల్చి నిద్రపోతుంది. ఇక్కడ ఆ చలి లేదు కనక రైతే కత్తెర పట్టాలి. ఏప్రిల్‌లో కొమ్మ కోసం ఒకసారి, వానలు వెనకపట్టాక అక్టోబరులో కాయ కోసం ఇంకోసారి.

అక్టోబరు, పొద్దు పొడిచే వేళ. మేడ్చల్ దారిలో మా వాళ్ళ అనాబ్ తోట. పదేళ్ళ బాబాయి నెత్తిన తట్ట. వాళ్ళ నాయన కొమ్మ మీద వేలితో కణుపులు లెక్కబెడుతున్నాడు.

"మళ్ళ వానొస్తదా నాయనా?"

"నోరు మూయ్‌రా."

వాన వచ్చింది, సరిగ్గా పూత మీద. వారం తిరిగేసరికి ఆకు అడుగున తెల్లటి బూజు. నాయన మైలుతుత్తం, సున్నం కలిపి బోర్డో మిశ్రమం కొట్టించాడు. ఫ్రాన్సులో వైన్‌కు పేరుపడ్డ బోర్డో సీమలో, 1880ల్లో, ఇదే తెగులు కోసం పుట్టిన మందు అది. ఆ సీమ వైన్ మా వాళ్ళెవరూ చూడలేదు గానీ, మందు మాత్రం ఏటా డ్రమ్ములకొద్దీ కలిపారు. (అమీర్‌పేటలో మందు దుకాణాల మీద 'వైన్స్' అనే రాసుంటుంది. లోపలికెళ్ళి వైన్ అడిగి చూడండి.)

అనాబ్ వైన్‌కు పెద్దగా లొంగలేదు. దాని రసంలో తీపి 14-16 శాతం దగ్గరే ఆగుతుంది, మంచి వైన్‌కు 20 దాటాలి. ఎత్తూ చల్లని రాత్రులూ కలిసొచ్చిన నాసిక్ అయితే 'నాసిక్ వ్యాలీ వైన్' పేరుతో భౌగోళిక గుర్తింపే (ఆ పేరు ఆ ప్రాంతపు సరుకుకే చెల్లుతుందనే హక్కు) తెచ్చుకుంది. అనాబ్‌ను బెంగళూరు బ్లూతో కలిపి 'అర్క హంస' అనే వైన్ రకాన్ని పుట్టించారు, అదీ బెంగళూరు పరిశోధన సంస్థలో.

ఇలా సరుకుకు చోటు పేరు కట్టడంలో పోర్చుగల్‌లోని డోరో లోయ సంగతి వేరు. పోర్ట్ వైన్‌లో కల్తీ ఆపడానికి 1756లో పొంబాల్ అనే మంత్రి ఆ లోయకు హద్దు కట్టే పని మొదలుపెట్టాడు. మొత్తం 335 గ్రానైటు స్తంభాలు పాతారు. రంగు కోసం వైన్‌లో కలుపుతున్నారని ఎల్డర్‌బెర్రీ చెట్లు పీకించారు. ఆ రాళ్ళు కొన్ని ఇంకా నిలిచి ఉన్నాయి, ద్రాక్షా ఉంది.

మేడ్చల్ దారిలోనూ రాళ్ళు పాతారు. బోరు ఎండిన మరుసటి ఏడు ప్లాట్ల బ్రోకర్లు వచ్చారు. ముప్ఫై అడుగుల రోడ్డు, 200 గజాల ముక్కలు. డోరోలా చోటు పేరును కాపాడే మన భౌగోళిక గుర్తింపుల చట్టం 1999లో చేశారు, 2003లో అమల్లోకి వచ్చింది. అప్పటికే మా తోటలో తీగ పాకిన పందిరి కూలిపోయింది. దాన్ని మోసిన గ్రానైటు కడీలనే తీసి ప్లాట్ల మూలల్లో హద్దురాళ్ళుగా పాతారు.

"కొత్తవి కొనే ఖర్చు తప్పిందిరా" అన్నాడు బాబాయి, నవ్వకుండా.

ఒక్క కడీని మాత్రం తెచ్చి పంజగుట్ట ఇంటి గేటు పక్కన నిలబెట్టుకున్నాడు. పైకొసన ఇనుప తీగ ఒరిసి పడ్డ గాడి ఉంది. వేలు పెట్టి చూశాను, చిటికెన వేలు సరిగ్గా పట్టింది. ఇప్పుడు దాని మీదుగా పక్కింటికి కేబుల్ వైరు పోతోంది.