కచ్చా దారి వాహనాల టైర్లు, చక్రాలు

తారు రోడ్డు లేని చోట్ల, అనగా పొలం గట్లపైన, వంక ఇసుకలో, గుట్ట దారుల్లో, బురదలో తిరగడానికి ఉపయోగించే జీపు, పికప్ వంటి వాహనాలను కచ్చా దారి వాహనాలు అనవచ్చును. వీటి నడక ఇంజను శక్తి కన్నా టైర్లు, చక్రాల ఎంపికపైననే ఎక్కువగా ఆధారపడుతుంది. వాహనం మొత్తంలో నేలను తాకే భాగం నాలుగు టైర్ల అడుగులు మాత్రమే. లాగడం, మలుపు తిరగడం, ఆగడం అన్నీ ఆ నాలుగు చోట్లనే జరుగుతాయి.

ప్రాంతీయ నేపథ్యం

ఉమ్మడి చిత్తూరు జిల్లా పడమటి మండలాలైన మదనపల్లె, పుంగనూరు, సోమల, కుప్పం ప్రాంతాలు పీఠభూమిపై ఉన్నాయి. మదనపల్లె సముద్రమట్టానికి సుమారు 700 మీటర్ల ఎత్తున ఉన్నది. ఇక్కడి నేలలో అధిక భాగం ఎర్రమట్టి. దానిలో గులకరాళ్ళు, అక్కడక్కడ నల్లరాతి బండలు కలిసి ఉంటాయి. వేసవిలో ఈ నేల గట్టిపడి పదునైన రాయి పైకి తేలుతుంది. నైరుతి, ఈశాన్య ఋతుపవనాల వానలకు పైపొర జారుడుగా మారుతుంది. వంకల్లో ఇసుక నిలుస్తుంది. కుప్పం, పలమనేరు అడవుల్లో 1990లో ఏర్పడిన కౌండిన్య అభయారణ్యం ఉన్నది.

సదుం, చౌడేపల్లె మండలాలకు పొరుగున ఉన్న సోమల మండలంలోనూ, చుట్టుపక్కలనూ టమాటా ముఖ్యమైన వాణిజ్య పంట. తోటలో కోసిన కాయలు పికప్‌లలో మట్టి దారి దాటి, తారు రోడ్డెక్కి మార్కెట్లకు చేరుతాయి. మదనపల్లె నుండి తిరుపతికి భాకరాపేట ఘాటు, పలమనేరు నుండి చిత్తూరుకు మొగిలి ఘాటు దిగవలసి ఉన్నది. కనుక ఒకే టైరు ఉదయం బురదలో పట్టు చూపాలి, రాత్రి బరువుతో ఘాటు దిగేటప్పుడు తడి తారుపై ఆపగలగాలి. ఈ ప్రాంతపు వాహనదారుల ఎంపికలో చిక్కు ఇదే.

చరిత్ర

గాలి టైరును 1888లో జాన్ బాయ్డ్ డన్‌లప్ వాడుకలోకి తెచ్చాడు. రేడియల్ టైరుకు మిషెలిన్ సంస్థ 1946లో హక్కులు పొందింది. భారతదేశంలో మహీంద్రా సంస్థ 1940ల చివరలో విల్లీస్ జీపుల కూర్పు ప్రారంభించింది. ఆ తరం జీపులకు 6.00-16 కొలత గల సన్నని ట్యూబు టైర్లు ఉండేవి. పల్లెల్లో ఇనుప పట్టా చక్రాల ఎడ్లబండి క్రమంగా టైరు బండికి చోటిచ్చింది. ఆంధ్రప్రదేశ్‌లో చిన్నపండూరు వద్ద అపోలో టైర్ల కర్మాగారం 2020లో ఉత్పత్తి మొదలుపెట్టింది.

టైరుపై ఉండే సంకేతాలు

టైరు పక్కగోడపై 215/75 ఆర్ 15 100 ఎస్ అని ఉన్నదనుకొనుము. దాని అర్థం ఇది:

* 215 – టైరు వెడల్పు, మిల్లీమీటర్లలో.
* 75 – పక్కగోడ ఎత్తు, వెడల్పులో శాతం. ఇక్కడ 161.25 మి.మీ.
* ఆర్ – రేడియల్ నిర్మాణం.
* 15 – రిమ్ము వ్యాసం, అంగుళాలలో (381 మి.మీ.).
* 100 – బరువు సూచిక. ఒక్కొక్క టైరు 800 కిలోల వరకు మోయగలదు.
* ఎస్ – గరిష్ఠ వేగం గంటకు 180 కి.మీ.

టైరు తయారైన వారం, సంవత్సరం నాలుగు అంకెలలో ఉంటాయి. 2523 అనగా 2023వ సంవత్సరం 25వ వారం. అరగకపోయినా రబ్బరు ఏళ్ళు గడిచేకొద్దీ గట్టిపడి పగుళ్ళు తేలుతుంది. అందుచేత కొత్త టైరు కొనేటప్పుడు కూడా ఈ అంకెలు చూడవలెను.

బటన్ల రకాలు

టైరు అడుగున నేలను తాకే ఎత్తైన దిమ్మెలను వాడుకలో బటన్లు అంటారు. వీటి అమరికను బట్టి మూడు రకాలు:

* రోడ్డు టైరు – బటన్లు దగ్గరగా ఉంటాయి. తారుపై చప్పుడు తక్కువ, తడిలో బ్రేకు బాగా పడుతుంది. బంకమట్టిలో గాళ్ళు పూడి నున్నగా అవుతుంది.
* అన్ని దారుల టైరు – రెండింటికీ మధ్యస్థం. గులక, ఎర్రమట్టి, తారు కలిసిన దారులకు అనువైనది.
* బురద టైరు – పెద్ద బటన్లు, వెడల్పు గాళ్ళు ఉంటాయి. తిరిగేటప్పుడు బురదను విసిరివేసి మళ్ళీ పట్టు సంపాదిస్తుంది. తారుపై చప్పుడు, ఇంధనపు ఖర్చు ఎక్కువ. తడి తారుపై ఆగడానికి ఎక్కువ దూరం పడుతుంది.

చూపులకు బలిష్ఠంగా ఉన్నదని బురద టైరు వేయించడం సాధారణంగా కనిపించే పొరపాటు. ప్రయాణంలో అధిక భాగం తారుపైన, ఘాటు రోడ్లలోనే సాగే వాహనానికి అది క్షేమకరం కాదు.

కొలత పెంచడం వల్ల కలిగే మార్పులు

215/75 ఆర్ 15 టైరు మొత్తం వ్యాసం 703.5 మి.మీ. దాని స్థానంలో 235/75 ఆర్ 15 వేస్తే వ్యాసం 733.5 మి.మీ. అవుతుంది. పెరిగిన 30 మి.మీ.లో సగం, అనగా 15 మి.మీ. మాత్రమే నేలకూ ఇరుసుకూ మధ్య ఎడంగా లభిస్తుంది. మూల్యంగా చక్రం వద్ద లాగుడు బలం సుమారు 4 శాతం తగ్గుతుంది. మీటరు 60 కి.మీ. చూపినప్పుడు అసలు వేగం దాదాపు 62.6 కి.మీ. ఉంటుంది. స్టీరింగు పూర్తిగా తిప్పినప్పుడు టైరు మడ్‌గార్డుకు రాసుకొనే అవకాశం కూడా ఉన్నది.

నాలుగు చక్రాలూ లాగే వాహనంలో నాలుగు టైర్ల చుట్టుకొలత సమానంగా ఉండవలెను. ముందు కొత్తవి, వెనుక అరిగినవి ఉంటే గట్టి నేలపై గేర్ల పెట్టె మీద ఒత్తిడి పడుతుంది. స్టెప్నీ కూడా అదే కొలతలో ఉండటం మంచిది.

చక్రం ఎంపిక

చక్రాలు ఉక్కుతోను, అల్యూమినియం మిశ్రమలోహంతోను తయారవుతాయి. ఉక్కు చక్రం బరువైనా రాయి తగిలినప్పుడు వంగుతుంది. మిశ్రమలోహపు చక్రం తేలికైనది, కాని గట్టి దెబ్బకు పగలవచ్చును. మారుమూల దారులలో ఉక్కు చక్రానికి ఆదరణ ఉండటానికి కారణమిదే.

చక్రం మార్చేటప్పుడు బోల్టుల సంఖ్య, బోల్టుల వలయపు వ్యాసం, నడిమి రంధ్రం, రిమ్ము వెడల్పు, ఆఫ్‌సెట్ సరిపోవలెను. విల్లీస్ నమూనా జీపులకు 139.7 మి.మీ. వలయంలో 5 బోల్టులు ఉంటాయి. చక్రం బాగా బయటికి పొడుచుకొని వచ్చినచో బేరింగులపై భారం పెరుగుతుంది.

రిమ్ము వ్యాసం పెరిగితే సాధారణంగా పక్కగోడ తగ్గుతుంది. 2020లో వచ్చిన మహీంద్రా థార్‌కు 245/75 ఆర్ 16, 255/65 ఆర్ 18 అను రెండు కొలతలు ఇచ్చారు. మొదటిదాని పక్కగోడ సుమారు 184 మి.మీ., రెండవదానిది 166 మి.మీ. రాతి దారిలో ఎత్తైన పక్కగోడ కుదుపును పీల్చుకొని రిమ్మును కాపాడుతుంది.

గాలి, బరువు

టైరులో గాలి తగ్గితే నేలను తాకే వైశాల్యం పెరుగుతుంది. అందువలన వంక ఇసుకలో దిగబడిన వాహనపు టైర్ల గాలిని 30 నుండి 18 పి.ఎస్.ఐ.కి తగ్గిస్తే బయటపడటం సులువవుతుంది. తారు రోడ్డెక్కే ముందు మరల నింపవలెను. తక్కువ గాలితో వేగంగా నడిపితే పక్కగోడ వేడెక్కి టైరు పేలవచ్చును. పదును రాళ్ళున్న చోట గాలి తగ్గించడం పక్కగోడకు ప్రమాదకరం.

30 కిలోల టమాటా పెట్టెలు 40 ఎక్కిస్తే సరుకే 1,200 కిలోలు. ఆ బరువులో అధిక భాగం వెనుక రెండు టైర్లపై పడుతుంది. వాహనపు సొంత బరువు దానికి అదనం. కనుక సరుకు వాహనానికి బటన్ల రూపం కన్నా ముందు బరువు సూచిక చూడవలెను. వాహన తయారీదారు సూచించిన దానికంటే తక్కువ సూచిక గల టైరు వాడరాదు.

నిబంధనలు

రెండు, మూడు చక్రాల బండ్లు మినహా ఇతర వాహనాల టైరు గాళ్ళ లోతు 1.6 మి.మీ. కన్నా తగ్గరాదని కేంద్ర మోటారు వాహనాల నియమాలు చెబుతున్నవి. గాళ్ళ మధ్య ఉండే చిన్న రబ్బరు దిమ్మెలు బటన్లతో సమానమైనచో ఆ హద్దు వచ్చినట్లు గుర్తు. వాహనాన్ని తయారీదారు మూల నిర్దేశాలకు విరుద్ధంగా మార్చరాదని సుప్రీం కోర్టు 2019 జనవరిలో తీర్పు ఇచ్చింది. అందుచేత ఆ వాహనానికి తయారీదారు ఆమోదించిన కొలతలలోనే టైరును ఎంచుకొనుట శ్రేయస్కరం.

ఇవి కూడా చూడండి

* జీపు
* ఎడ్లబండి
* సోమల
* హార్సిలీ హిల్స్