రంగం ఓడ - విహార నౌక

మా తాతగారు కాకినాడలో రంగం (రంగూన్) ఓడ ఎక్కి కూలికి వెళ్ళారు. బ్రిటిష్ ఇండియా స్టీమ్ నేవిగేషన్ కంపెనీ ఓడలవి. కూలీలకు తిండి, నిద్ర అన్నీ డెక్కు మీదే. ఆ కంపెనీ 1914లో పి అండ్ ఓలో కలిసింది. విమానాలొచ్చి ప్రయాణికులు తగ్గాక, పి అండ్ ఓ విహారయాత్రల మీదే ఎక్కువగా ఆధారపడింది.

2022 జూన్‌లో పిల్లల బలవంతం మీద విశాఖపట్నంలో కార్డీలియా వారి ఎంప్రెస్ ఎక్కాను. అది 1990లో రాయల్ కరీబియన్ వద్ద సర్వీసులో చేరి, 2008లో స్పెయిన్ కంపెనీ పుల్‌మాన్‌టూర్‌కు వెళ్ళి, 2016లో పాత కంపెనీకి తిరిగొచ్చి, 2021లో మన తీరానికి వచ్చింది. అచ్చం మన సర్వీసు రిజిస్టరే!

భోజనాల బల్ల దగ్గర ఇదే చర్చ. విదేశీ నౌకలెక్కి వచ్చిన ఒకాయన, కంపెనీ మారితే వంటా, మర్యాదా మారతాయన్నారు. పక్కనున్న పెద్దావిడ, "కంపెనీ ఏదైతేనేం బాబూ, మూడ్రోజులు గిన్నెలు తోమక్కర్లేదు" అన్నారు. అందరం నవ్వాం.

ఆ రాత్రి డెక్కు మీద ఒంటరిగా నిలబడ్డాను. 1942లో యుద్ధం బర్మాకు వచ్చినప్పుడు తాతగారికి తిరుగు ఓడ దొరకలేదు. అరకాన్ కొండల మీదుగా నడిచొచ్చారు. నా జేబులో తిరుగు టిక్కెట్టు ఉంది.