ఇసుక పట్టు తప్పిన సాయంత్రం

2023 అక్టోబరు 21. బతుకమ్మ రోజులు. పాత కరీంనగర్ జిల్లా అంచున, మహదేవపూర్ మండలం మేడిగడ్డ దగ్గర బ్యారేజీలో దాదాపు 10 టీఎంసీల నీళ్లున్నాయి. సాయంత్రం ఏడో బ్లాకు వైపు నుంచి పెద్ద శబ్దం వచ్చింది. వెళ్లి చూస్తే పైనున్న వంతెన కుంగి ఉంది. 20వ పిల్లరు దిగబడింది. మహారాష్ట్ర వైపు రాకపోకలు ఆపేసి, గేట్లెత్తి నీళ్లు కిందికి వదిలారు.

బ్యారేజీ ప్రారంభమై అప్పటికి నాలుగేళ్లే. కిలోమీటరున్నర పొడవు, 85 గేట్లు. అంత కాంక్రీటూ నిలబడింది గోదారి ఇసుక మీద. మూడు రోజులకే వచ్చి చూసిన జాతీయ డ్యామ్ భద్రతా సంస్థ నిపుణులు పునాది కింది ఇసుక నీటితోపాటు కొట్టుకుపోయిందన్నారు. డిజైన్, నాణ్యత, నిర్వహణ అన్నింటినీ తప్పుపట్టారు. అన్ని కోట్ల ప్రజాధనం పోసిన చోట ఈ మాట వినాల్సి రావడం గుండె మండించే సంగతి.

కొద్ది రోజులకే ఎగువన అన్నారం బ్యారేజీకి బుంగలు పడ్డాయి. నిలవున్న నీరు అడుగునుంచి దారి చేసుకుని దిగువన పైకి ఉబికింది. ఊబి పుట్టేదీ ఇలా పైకి తన్నే నీటితోనే. ఇసుక రేణువులు ఒకదాన్నొకటి ఒత్తుకుని ఉన్నంతసేపే బరువు మోస్తాయి. కింది నుంచి నీరు తోస్తే ఆ ఒత్తిడి పోతుంది, రేణువులు తేలతాయి. పైకి గట్టిగా కనబడే ఇసుకే కాలు పెట్టగానే అంబలిలా జారిపోతుంది.

అయితే సినిమాల్లోలా మనిషిని నిలువునా మింగదు. తడి ఇసుక సాంద్రత మన ఒంటికన్నా దాదాపు రెండింతలు. అందుకే నడుము దాకా దిగి ఆగుతాం. 2005లో ఆమ్‌స్టర్‌డామ్ శాస్త్రవేత్తలు 'నేచర్' పత్రికలో లెక్కగట్టి చూపారు: ఇరుక్కున్న పాదాన్ని గబుక్కున లాగాలంటే ఓ కారు ఎత్తేంత బలం కావాలి. ఒడ్డునుంచి పదిమంది తాడేసి గుంజితే కీళ్లు తప్పుతాయి.

దిగబడితే ముందు భుజాన ఉన్న బరువు పారేయాలి. వెల్లకిలా వాలి, చేతులు చాపి, కాళ్లను మెల్లగా అటూ ఇటూ ఆడించాలి. ఆ కదలికకు కాలి చుట్టూ నీరు చేరి ఇసుక వదులవుతుంది. ఒక కాలు, తర్వాత రెండోది. ఎంతసేపు పట్టినా తొందర పడొద్దు. సాయం చేసేవాళ్లు చెక్కో నిచ్చెనో పరిచి, దానిమీద పడుకుని దగ్గరికెళ్లాలి.

ప్రాణం తీసేది ఇరుక్కున్నప్పుడు ముంచుకొచ్చే నీరు. ఇటు మంథని, అటు చెన్నూరు ఒడ్డున ఉన్నవాళ్లు ఎగువనున్న ఎల్లంపల్లి ప్రాజెక్టు గేట్లెత్తారని కబురు తెలిస్తే చాలు, నది మధ్య దిబ్బల మీదినుంచి పశువులను తోలుకుని వెంటనే గట్టెక్కాలి.