కొటేషన్‌లో రాయని ఒక్క మాట



నేను పనిచేసిన కార్యాలయానికి ఒక పాత ఫైబర్‌గ్లాస్ పడవ ఉండేది. ఇంజను బిగించే వెనుక పలక మెత్తబడితే మరమ్మతుకు మూడు కొటేషన్లు వచ్చాయి. కంపారిటివ్ స్టేట్‌మెంట్ రాసింది నేనే. అందరికంటే తక్కువ రేటుకు సిఫారసు చేశాను. రెండు వర్షాకాలాలు గడిచేసరికి కొత్త పలక పొరలు విచ్చుకొని ఇంజను బోల్టులు ఊగాయి. పడవ రేవులో ఉండగానే సరంగు గమనించాడు కనుక సరిపోయింది.

ఆ తప్పు మనసులో ఉండిపోయి, రిటైరయ్యాక ప్లైవుడ్ చరిత్ర చదివాను. 1905లో అమెరికాలోని పోర్ట్‌లాండ్ ప్రదర్శనలో పెట్టిన ప్లైవుడ్‌ను పశువుల నుంచి తీసిన జిగురుతో అతికించారు. ఆ జిగురు తడికి ఆగేది కాదు. 1934లో జేమ్స్ నెవిన్ అనే రసాయన శాస్త్రవేత్త నీటికి పూర్తిగా తట్టుకునే జిగురును రూపొందించాడు. 1944లో నార్మండీ తీరాన సైనికులను దింపిన హిగ్గిన్స్ పడవలు ఎక్కువ భాగం ప్లైవుడ్‌తో చేసినవే.

యుద్ధం తరువాత ఫైబర్‌గ్లాస్ పడవలు వ్యాపించాయి. ఇక కొయ్యతో పనిలేదనుకున్నారు గాని, చాలా పడవల వెనుక పలకలో, అడ్డగోడల్లో ప్లైవుడ్డే ఉండిపోయింది. ఫైబర్ కుళ్ళదు. బోల్టు రంధ్రం గుండా దిగిన నీరు మాత్రం బయటికి పోలేక లోపలి చెక్కను కుళ్ళబెడుతుంది. పైకి పడవ నిగనిగలాడుతూనే ఉంటుంది.

మన దేశంలో పడవలకు తగినది ఐ.ఎస్. 710 ముద్ర ఉన్న మెరైన్ ప్లైవుడ్. దాని నమూనాను 72 గంటలు నీటిలో మరిగించి, పొరల అతుకు నిలిచిందో లేదో పరీక్షిస్తారు. చెక్కకు బూజు, పురుగు పట్టకుండా మందు ఎక్కిస్తారు. ఐ.ఎస్. 303 సాధారణ పనులకు ఉద్దేశించినది. దుకాణదారు ‘వాటర్‌ప్రూఫ్’ అన్నంత మాత్రాన చాలదు. ముద్రతోపాటు అంచు కూడా చూడాలి. లోపలి పొరల్లో ఖాళీలుంటే తీసుకోరాదు. కుళ్ళిన చెక్కంతా తొలగించి, బాగా ఆరనిచ్చి, కొత్త పలకను అతికించాలి. కోసిన ప్రతి అంచుకు, తొలిచిన ప్రతి రంధ్రానికి రెసిన్ పట్టించాలి.

తక్కువ రేటును కాదంటే ఆడిట్ అభ్యంతరం వస్తుందని ఆనాడు భయపడ్డాను. కొటేషన్లు పిలిచినప్పుడే ‘ఐ.ఎస్. 710’ అని రాసి ఉంటే, తక్కువ రేటుకే మంచి పలక వచ్చేది. ఆడిట్‌కూ అడగడానికి ఏమీ ఉండేది కాదు. సరంగు ప్రాణం నా కలం కింద ఉందని అప్పుడు నాకు తోచలేదు.